నార్నియా వాళ్ళకి తగువు, మనకి నిట్టూర్పు

వేసవి సెలవుల్లో మా అమ్మాయికి, సి.ఎస్. లూయిస్ పిల్లల కోసం ఇంగ్లీషులో రాసిన నార్నియా కథల పిచ్చి పట్టింది. ఏడు పుస్తకాలూ మూడు వారాల్లో నమిలేసి, ఇక చదవడానికేమీ మిగలక, వాటి గురించి మాట్లాడుకునే పాడ్‌కాస్టుల మీద పడింది. పొద్దున్నే నేను దోసెలు పోస్తుంటే గట్టు మీద ఫోన్లోంచి ముగ్గురు విదేశీయులు ఒకరి మాట ఒకరు తుంచేస్తూ మాట్లాడుకుంటూ ఉండేవారు. మొదట్లో చిరాకేసి, "ఆ గోల తగ్గించవే" అని అరిచేదాన్ని. పది రోజులు పోయాక నేనే, విజయనగరంలో రైలెక్కి ఆమదాలవలసలో దిగేలోపు, రోజుకొకటి వినడం మొదలుపెట్టాను. గరివిడి దాటాక సిగ్నల్ దోబూచులాడుతుంది కాబట్టి ముందురోజు రాత్రే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోవడం కూడా అలవాటైపోయింది.

రెండు నెలలు విన్నాక నాకో అభిప్రాయం గట్టిపడింది. చందమామ అభిమానులకి ఇది రుచించకపోవచ్చు. నేనూ ఆ బాపతు మనిషినే కాబట్టి నాకూ పూర్తిగా రుచించడం లేదు. వాళ్ళు చిన్నప్పుడు చదివిన పుస్తకం మీద ఇప్పటికీ తగువులాడుకుంటున్నారు. మనం చిన్నప్పుడు చదివిన పుస్తకాన్ని తలుచుకుని నిట్టూరుస్తున్నాం. వాళ్ళ పుస్తకం ఇంట్లో తిరుగుతోంది, మనది గోడ మీద దండేసుకుని కూర్చుంది. దండ వేసింది కూడా మనమే, అంత ప్రేమగా.

బీరువా దగ్గరే గంట సేపు

లూయిస్ మొదటి పుస్తకంలో లూసీ అనే పిల్ల కోట్ల బీరువాలో దూరి నార్నియా అనే మాయలోకంలోకి పోతుంది. అందులో 17 అధ్యాయాలున్నాయి. వీళ్ళు అధ్యాయానికో ఎపిసోడ్, ఎపిసోడ్‌కో గంట. చీపురుపల్లి వచ్చింది, టీ తాగాను, పక్క సీటావిడ కూతురి పెళ్ళి సంబంధం సంగతంతా విన్నాను, మళ్ళీ ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే లూసీ ఇంకా బీరువాలో కోట్ల మధ్యే ఉంది. పని లేనివాళ్ళు అనుకున్నాను. ఆ మాట ఇప్పటికీ సగం అనుకుంటాను.

ఏ పుస్తకం ముందు చదవాలన్నదాని మీదైతే రెండు పూర్తి ఎపిసోడ్లు. 1950లో వచ్చిన బీరువా కథ ముందా, 1955లో ఆరోదిగా వచ్చినా నార్నియా పుట్టుకను చెప్పే కథ ముందా? 1957లో ఒక అమెరికా కుర్రాడు ఇదే సంగతి రాస్తే, కథాకాలం ప్రకారం చదవాలన్న ఆ కుర్రాడి వైపే లూయిస్ మొగ్గాడు. 1994లో ప్రచురణకర్తలు పుస్తకాల మీద నంబర్లు కూడా ఆ లెక్కనే మార్చేశారు. ఇంక మాట్లాడ్డానికేముంది, రాసినాయనే చెప్పాడు కదా అనుకుంటాం మనం. ఆ ముగ్గురిలో ఒకాయన మాత్రం, "రాసినాయన చెబితే మాత్రం వినాలా?" అని లేచాడు. మంచు అడవిలో ఎవరూ లేనిచోట ఒక దీపస్తంభం వెలుగుతూ ఉంటుంది. అదెందుకుందో తెలియకపోవడమే మొదటి పుస్తకంలో మజా. పుట్టుక కథ ముందు చదివితే దీపస్తంభం ఎలా వచ్చిందో తెలిసిపోయి, లూసీతో పాటు ఆశ్చర్యపోయే వీలుండదు. ఇదీ ఆయన వాదన.

మా అమ్మాయి నంబర్ల ప్రకారమే చదివింది. ఇది విని దాని మొహం ముడుచుకుపోయింది. "నన్నెవరూ అడగలేదు కదమ్మా" అంది. పదమూడేళ్ళ పిల్లకి ఒక పుస్తకాన్ని మొదటిసారి చదివే అవకాశం ఒక్కసారే వస్తుందని ఆ రోజు తెలిసింది. బళ్ళో ఈ సంగతి ఎవరూ చెప్పరు.

ఇంకోటి. లూసీ అన్న ఎడ్మండ్‌కి మంత్రగత్తె పెట్టే టర్కిష్ డిలైట్ అనే మిఠాయి. మనకది ఏమిటో తెలియదు. నేను మాడుగుల హల్వాలాంటిదేదో అనుకుని సరిపెట్టుకున్నాను. ఆ హల్వా కోసం అన్నదమ్ముల్ని, అక్కచెల్లెళ్ళని అప్పగించేస్తాడా ఎవడైనా అని మా అమ్మాయికి ఎడ్మండ్ అంటే ఒళ్ళుమంట. పాడ్‌కాస్ట్‌లో ఒకావిడ చెప్పింది: ఇంగ్లండులో మిఠాయిలకి రేషన్ 1953 దాకా ఉంది. అంటే ఈ పుస్తకం వచ్చిననాడు చదివిన పిల్లలు వారానికి ఇంతని కూపన్ల లెక్కన చాక్లెట్లు కొనుక్కుంటున్నవాళ్ళు. వాళ్ళకి ఎడ్మండ్ ముందున్న ఆ డబ్బా నిండా మిఠాయి ఎలా కనబడి ఉంటుందో ఆలోచించండి. రైల్లో అది వింటూ నాకు మా అమ్మ గుర్తొచ్చింది. పండక్కి రేషన్ షాపు చక్కెర ఎక్కువిస్తారని తెల్లవారుజామునే లైన్లో నిలబడిన రోజులు తను ఇప్పటికీ చెబుతుంది. ఎడ్మండ్ కథ అమ్మకి చెబితే, "పాపం, చిన్న వెధవ" అని ఒక్క ముక్కలో క్షమించేసింది.

ఇదంతా పుస్తకంలో లేదు. పుస్తకం చుట్టూ కూర్చున్నవాళ్ళు తెచ్చిపెట్టింది.

వాళ్ళూ అన్నీ మాట్లాడరు

అలాగని వాళ్ళని నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. ఆఖరి పుస్తకంలో లూసీ అక్క సూసన్‌ని నైలాన్ మేజోళ్ళూ లిప్‌స్టిక్కూ అంటూ నార్నియా నుంచి పక్కకి తప్పించేసిన తీరు మీద ముగ్గురూ గట్టిగానే కొట్టుకున్నారు. బాగుంది. కానీ నార్నియాకి శత్రువైన కాలోర్మెన్ దేశం వచ్చేసరికి గొంతులు మెత్తబడిపోయాయి. ఎడారి, తలపాగాలు, వంపు కత్తులు, నల్లటి మొహాలు, క్రూరమైన దేవుడు. "ఆ కాలం అలాంటిది, మనం అర్థం చేసుకోవాలి" అని నాలుగు నిమిషాల్లో ముగించేశారు. బీరువాకి గంట, తలపాగాకి నాలుగు నిమిషాలు.

నాకు కోపం రాలేదు, నవ్వొచ్చింది. మా తాతయ్య తలపాగా చుట్టుకునే పొలం వెళ్ళేవాడు. ఆ ముగ్గురి పక్కన తలపాగా ఉన్న ఇంటి మనిషి ఒక్కరుంటే ఆ ఎపిసోడ్ రెండు గంటలయ్యేది. ఎవరు కూర్చున్నారన్నదాన్ని బట్టే తగువు ఉంటుంది. ఒకేలాంటి ముగ్గురు ఎంతసేపు వాదించుకున్నా కొన్ని గుమ్మాల ముందు చెప్పులు కూడా విప్పరు.

ఇంకో అనుమానం కూడా ఉంది నాకు. వాళ్ళ స్నేహాన్ని మనం చాటుగా వింటున్నట్టుంటుంది ఈ వ్యవహారం. వాళ్ళు నవ్వితే మా అమ్మాయి ఒక్కతే మంచం మీద బోర్లా పడుకుని నవ్వుతుంది. దాని క్లాసులో నార్నియా చదివినవాళ్ళు ఇంకొకరు లేరు. ఇదేం అరుగు, మాట్లాడే వీల్లేని అరుగు? అని అడిగాను. "నేను మాట్లాడతానమ్మా, వాళ్ళకి వినబడదంతే" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

మనకి ఇది కొత్తేమీ కాదు

తెలిసిన కథనే మళ్ళీ చెప్పుకుంటూ మధ్యలో వాదించుకోవడం మనకి తెలియని విద్య కాదు. బుర్రకథలో కథకుడికి అటో వంత, ఇటో వంత. ఒకడు హాస్యం, ఇంకొకడు రాజకీయం. కథ ఏమవుతుందో ముందు వరస పిల్లాడి దగ్గర్నుంచీ అందరికీ తెలుసు. అయినా తెల్లవార్లూ కూర్చునేది ఆ అడ్డు తగలడాల కోసమే. ఆదిభట్ల నారాయణదాసు గారి ఊళ్ళో పుట్టి పెరిగినదాన్ని కాబట్టి హరికథలో పిట్టకథకి ఎంత విలువో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ ముగ్గురు విదేశీయులు చేస్తున్నది బుర్రకథే. తంబురా లేదంతే.

మరి చందమామ దగ్గరికొచ్చేసరికి ఏం చేస్తున్నాం? దాసరి సుబ్రహ్మణ్యం గారు 1954లో తోకచుక్కతో మొదలుపెట్టి డజను సీరియళ్ళు రాశారు. ఏ ఒక్కదాని మీదా ఆయన పేరు పడలేదు. రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, యక్షపర్వతం అంటే చాలు, యాభై దాటినవాళ్ళ కళ్ళలో ఏదో వెలుగు. ఆ వెంటనే "ఆ రోజులే వేరండీ." అక్కడితో సరి. వాట్సాప్‌లో ముఖచిత్రాలు పంపుకుంటాం. ఆ ముఖచిత్రాలు వేసిన వడ్డాది పాపయ్య మా శ్రీకాకుళం వాడేనని ఛాతీ పొంగిస్తాం. సీరియళ్ళకి చిత్ర గారు వేసిన బొమ్మలు చూసి, అబ్బ అంటాం. ఆ కథల వీరుల్లో ఖడ్గవర్మ గొప్పవాడా, జీవదత్తుడు గొప్పవాడా అని మాత్రం ఎవరూ పోట్లాడుకోరు. ఈ సీరియళ్ళలో ఆడవాళ్ళు ఇంత తక్కువెందుకని ఎవరూ అడగరు. అడిగితే ముసలివాడి మీద రాయి వేసినట్టు చూస్తారు. నేను ఒకసారి అడిగి చూశాను కాబట్టి చెబుతున్నాను.

నా మటుకు నాకు చిన్న ఫిర్యాదు ఉంది. నెలకో భాగం వచ్చేది కాబట్టి ప్రతి భాగం చివరా ఎవడో ఒకడి ప్రాణం మీదికి రావాలి. నెలరోజుల ఆత్రుతకి అది సరిగ్గా సరిపోయేది. ఇప్పుడు పుస్తకంగా ఒక్క బిగిన చదివితే ప్రతి కొద్ది పేజీలకీ ఎవడో లోయలో పడుతూనో, ఏదో మృగం మీదికి దూకుతూనో ఉంటుంది. వందో పేజీకి అలసట వచ్చేస్తుంది. అంచేత వాటిని రోజుకో భాగం మించి చదవకూడదని నా పట్టుదల. మా ఆయన ఒప్పుకోడు, సినిమా చూసినట్టు ఒక్క రాత్రిలో చదివేయాలంటాడు. చూశారా, ఇదొక్కటే చాలు ఒక ఎపిసోడ్‌కి.

యూట్యూబ్‌లో చందమామ కథలు చదివి వినిపించేవాళ్ళున్నారు కదా అంటారు. ఉన్నారు. వెనక వీణో వేణువో, చదివే గొంతులో తేనె. నాకు ఆ తేనె పడదు. కానీ మా అమ్మకి కంట్లో శుక్లం ముదిరాక రాత్రిపూట అవే దిక్కు. నేను ఓ రోజు నార్నియా వాళ్ళ తగువులు తర్జుమా చేసి చెప్పబోతే, "మీ తగువులు నాకెందుకే, కథ పెట్టు" అని అటు తిరిగి పడుకుంది. కాబట్టి చదివి వినిపించడం దండగని నేను అనలేను. అది ఒక్కటే ఉంది, రెండోది లేదు, అదీ నా బాధ.

చిన్నాన్న బైండు

ఈ తగువు నాకు ఎక్కడిదో చెప్పాలి. మా చిన్నాన్న నెల్లిమర్లలో ఉంటాడు, జూట్ మిల్లులో పని చేసి రిటైరయ్యాడు. చందమామల్లోంచి శిథిలాలయం పేజీలు మాత్రం జాగ్రత్తగా విప్పి, మైదా జిగురూ గోనెదారమూ పెట్టి తనే బైండు చేసుకున్నాడు. అట్ట లోపలివైపు పాత కేలెండరు. పురుగు కొట్టిన చిల్లి ఒకటి ఇరవయ్యో పేజీ దగ్గర మొదలై నలభై దాకా సూటిగా వెళ్తుంది. చిన్నప్పుడు దాంట్లోంచి కన్నుపెట్టి చూసేవాళ్ళం. ఆఖరి భాగాలు మాత్రం అందులో లేవు. ఎవరో అడిగి పట్టుకెళ్ళి తిరిగివ్వలేదు. ఆ మనిషి పేరు చెప్పి చిన్నాన్న ఇప్పటికీ తిడతాడు.

ముగింపు లేకపోతే పిల్లలు ఊరుకోరు కదా. అందుకని చిన్నాన్నే ఒకటి కట్టాడు. అన్ని సాహసాలూ అయ్యాక కథానాయకుడు శిఖిముఖి కొండ దిగి సీతంపేట సంతకొచ్చి కొండచీపుర్లు అమ్ముకుంటూ ఉంటాడు. చీపురు కొన్నవాళ్ళెవరికీ వాడెవడో తెలీదు. మేము నలుగురు పిల్లలం ఆ ముగింపుతోనే పెరిగాం. సీతంపేట వైపు వెళ్ళినప్పుడల్లా చీపుర్లవాళ్ళ మొహాలు తేరిపార చూసేవాళ్ళం.

చాలా ఏళ్ళకి సీరియల్ పుస్తకంగా వచ్చింది. కొని చిన్నాన్నకిచ్చాను. ఆఖరి పేజీలు ముందు చదివి, కళ్ళజోడు తీసి, "ఇదేటి, సీతంపేట లేదేటి?" అన్నాడు. తర్వాత మూడు నెలలు మా ఇళ్ళలో ఒకటే గొడవ. అచ్చులో ఉన్నదే అసలుదని తమ్ముడు. చిన్నాన్నదే బాగుందని నేను. "నాది తప్పే, కానీ ఆయనది కూడా తొందరపడి ముగించినట్టుంది" అని చిన్నాన్న. నా జీవితంలో ఒక పుస్తకం గురించి అంత ఆనందంగా పోట్లాడిన రోజులు మళ్ళీ లేవు.

శిఖిముఖి శబరుల బిడ్డ. శబరులంటే మన కొండల్లో ఉండే సవర గిరిజనులేనని చిన్నాన్న వాదన. మా ఆఫీసులో ఒకావిడది సీతంపేట వైపు, సవర ఇంటి మనిషి. పుస్తకం ఆవిడకిచ్చాను. "మావాణ్ణి హీరోని చేశారా? ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదే" అని పట్టుకెళ్ళింది. వారం తర్వాత తిరిగిచ్చి ఒక్కటే అంది: "బాగుందండీ. కానీ అడవిలో అంతంత మాటలు ఎవరూ మాట్లాడుకోరు. చప్పుడైతే ఊరుకుంటాం. వింటాం."

ఆ సీరియళ్ళ గురించి నేను విన్న మాటల్లో అంత పదునైనది ఇంకొకటి లేదు. గిడుగు రామమూర్తి గారు సవర భాష నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు రాశారని ప్రతి ఆగస్టు 29న దండలు వేస్తాం. ఒక సవర మనిషి మన ప్రియమైన కథ గురించి ఏమనుకుంటుందో అడగడానికి నాకు మాత్రం ఇన్నేళ్ళు పట్టింది. కాలోర్మెన్ దగ్గర నాలుగు నిమిషాలే ఆగారని ఆ ముగ్గుర్నీ చూసి నవ్వాను కదా, నా లెక్క నాలుగు నిమిషాలు కూడా లేదు.

"యందు"

సరే, అనడమెందుకు, మనమే చేద్దామని ఓ ఆదివారం నేనూ మా అమ్మాయీ నెల్లిమర్ల వెళ్ళాం. బియ్యం డబ్బా మీద ఫోను నిలబెట్టి, ఫ్యాను ఆపి, రికార్డింగ్ నొక్కాం. చిన్నాన్న లోపలికెళ్ళి ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. వీడియో కాదు చిన్నాన్నా అంటే, "తెలుసులే" అన్నాడు. గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు:

"శ్రోతలకు నమస్కారం. శిథిలాలయం అను ఈ ధారావాహికయందు..."

మా అమ్మాయి దిండులో మొహం దాచుకుంది. "తాతా, మామూలుగా మాట్లాడొచ్చు కదా."

"మామూలుగా మాట్లాడితే రికార్డింగెందుకే గుంటా?"

నాలుగుసార్లు మొదలుపెట్టాం. నాలుగుసార్లూ "యందు". గురజాడ వారి ఇల్లు మా వీధి నుంచి నడిచి వెళ్ళే దూరం. వాడుకభాష కోసం జీవితాలు పెట్టినవాళ్ళ గడ్డ ఇది. నూరేళ్ళ తర్వాత ఫోను చూసేసరికి మా చిన్నాన్నకి గ్రాంథికం పూనింది. ఆయన్ని ఏమంటాం? సినిమాల్లో మా యాస వినబడిందంటే ఆ మనిషి పనివాడో, నవ్వులాటకి పెట్టినవాడో అయి ఉంటాడు. నలుగురూ వినే మాటంటే ఆ మాట కాదని మనసులో నాటుకుపోయింది. చందమామ భాష కూడా తక్కువేం చేయలేదు. ఏ ఊరి యాసా అంటని తేట తెలుగు అది. దాన్ని చదివి మురిసిపోయిన మేమే, మా మాట దానికి తగదనుకున్నాం.

ఐదోసారికి విసుగొచ్చి మానేశాం. పిన్ని టీ తెచ్చింది. ఫ్యాను వేశాం. చిన్నాన్న చొక్కా విప్పి కుర్చీకి తగిలించి, "అయినా ఆడేటి, పెద్ద ఈరుడిలాగ ఎల్లి గుహలో దూరిపోవడమేటి? ఎనక ఎవులున్నారో సూసుకోవద్దా?" అన్నాడు. మా అమ్మాయి, "లూసీ కూడా అలాగే దూరిపోయింది తాతా, కానీ బీరువా తలుపు వెయ్యకూడదని దానికి తెలుసు" అంది. "ఏటీ, బీరువాలోనా?" అని ఆయన లేచి కూర్చున్నాడు. ఇక చూడండి. గుహలో దూరడం తెలివైన పనా, బీరువాలో దూరడం తెలివైన పనా? మన మాంత్రికుడు గట్టివాడా, వాళ్ళ మంత్రగత్తె గట్టిదా? మిఠాయి పెట్టి మనిషిని లొంగదీసుకునే మంత్రం మనవాళ్ళకి ఎందుకు తట్టలేదు? మధ్యలో పిన్ని వంటింట్లోంచి, "కడుపు నిండినోడికి మిఠాయెందుకు, ఆడిని ఆకలితో ఉంచుండాల" అని ఓ మాట వేసింది. పొలం గట్టు కోసం రెండిళ్ళవాళ్ళు కొట్టుకున్నట్టు కొట్టుకున్నారు.

ఇంటికొచ్చాక చూస్తే రికార్డింగ్ ఆపలేదు. నలభై ఒక్క నిమిషాలు. పన్నెండో నిమిషంలో కుక్కర్ విజిల్, ఇరవై మూడు దగ్గర ఎవరో పాలకి వచ్చి చిల్లర లేదని వాదన. ఒక్క "యందు" కూడా లేదు. మా అమ్మాయి అక్కడికక్కడే పెట్టేద్దామంది. చిన్నాన్నకి ఫోన్ చేసి అడిగితే గట్టిగా వద్దన్నాడు. "ఆ మాటలు నలుగురూ ఇంటే ఏటనుకుంటారు? సెరిపీ."

నేను చెరపలేదు. పెట్టనూ లేదు. ఆయన గొంతు, ఆయన ఇష్టం. మా అమ్మాయికి నా మీద కోపం.

మొన్న ఆదివారం వెళ్తే గుమ్మంలోనే అడిగాడు. "అది సెరిపీసినావా?"

"లేదు చిన్నాన్నా."

కాసేపు వక్క నములుతూ ఊరుకున్నాడు. తర్వాత ఫ్యాను కిందికి కుర్చీ జరుపుకుని, "అలగైతే, ఆ గుహ కాడ నానేటన్నానో ఓపాలి ఎట్టు" అన్నాడు.